ఎండలో చూసి చెప్పే రంగు

పుస్తకాన్ని చూసి పారిపోయిన మనిషినే గానీ, పుస్తకం పట్టుకుని పారిపోయే మనిషిని కాదు నేను. ఏడో తరగతిలో నాకు పాఠం చెప్పిన సారు బతికుంటే ఈ మాటకు సాక్ష్యం ఇచ్చేవాడు. ఆ తరగతిలో నేను రెండేళ్ళున్నాను, మూడో ఏడు దానికే విసుగొచ్చి నన్ను వదిలేసింది. అలాంటి నన్ను మొన్న ఆదివారం అబిడ్స్‌లో, నలుగురూ చూస్తుండగా, పుస్తకాల దొంగను చేశారు. జరిగింది ఇంతే. మూడో తరగతి చదివే మనవరాలు కథల పుస్తకం కావాలంటే, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోటికి తీసుకెళ్ళాను. అది ఒక కుప్పలో తల దూర్చింది. నా చేతికి పసిపిల్లల పుస్తకం ఒకటి తగిలింది. మొదటి పేజీ నిండా ఎర్ర రంగు పూసి కింద ‘ఎరుపు’ అని రాసి ఉంది. పైన ఎండకు అడ్డంగా నీలం పట్టా కట్టారు కదా, దాని నీడలో ఆ ఎరుపు వంకాయ మొహం వేసుకుని కనిపించింది. అలవాటు కొద్దీ పుస్తకం పట్టుకుని పట్టా దాటి, నిలబెట్టిన స్కూటర్లు దాటి, ఎండ పడే చోటికి వెళ్ళి నిలబడ్డాను. వెనక నుంచి పుస్తకాలాయన, “చాచా, పైసలియ్యకుండ యాడికి?” అన్నాడు, మా వీధి దాకా వినపడేట్టు. మనవరాలు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని, సిగ్గుతో తల దించుకుని, “తాతా, ఎండలకెందుకు పోయినవ్?” అని అడిగింది. ఆ ప్రశ్న వేసింది అది గనుక నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే ఇంకేదో కూడా వచ్చింది.

అబిడ్స్ సందులో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. చీర తెచ్చి చూపిస్తే దానికి కలిసే జాకెట్టు గుడ్డ, లంగా, ఫాలు తీసిచ్చే దుకాణం. బయటివాళ్ళకు అది గుడ్డలమ్మడం. మాకు మాత్రం రంగులకు సంబంధాలు చూడటం. ఎరుపు అని ఒకటుందని మీరనుకుంటారు. మా అరల్లో కుంకుమ ఉంటుంది, ఇటుక ఉంటుంది, దానిమ్మ గింజ, టమాట, మిరపపండు ఉంటాయి. ఉల్లిపొర రంగును ప్యాజీ అంటాం. గులాబీ కంటే కాస్త పొగరున్న దాన్ని రాణి అంటాం. పనిలో చేరిన మొదటి నెలలో ఒకావిడ పెళ్ళికూతురి చీర తెస్తే, ట్యూబ్‌లైట్ కింద చూసి భేషుగ్గా కలిసిందని జాకెట్టు గుడ్డ కోసిచ్చాను. మర్నాడు ఆమె ఆ గుడ్డ నా నెత్తిమీద వేసి, చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తీసుకుపోయి, పక్కన చీర చెంగు పెట్టి, అబిడ్స్ అంతటికీ చూపించింది. చీర దానిమ్మ గింజ, నా నెత్తి ఇటుక. అప్పుడు మా సేఠ్ చెప్పిన మాట ఒక్కటే. “లోపల చూస్తే లైటు చెప్తది, బయట చూస్తే గుడ్డ చెప్తది.” ఆనాటి నుంచి గుమ్మం దాటి ఎండలో చూడందే ఏ రంగు పేరూ నా నోట రాలేదు. చూసేదాకా నోరు మూసుకోవాలి, చూశాక ఒక్కసారే చెప్పాలి. మా దుకాణంలో అది నియమం.

మోకాళ్ళు అరిగి దుకాణం మానేసిన సంవత్సరమే, మా కోడలు మళ్ళీ ఉద్యోగంలో చేరింది. లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసు ఆమెది. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. మా అబ్బాయిది వారమంతా జిల్లాలు తిరిగే కొలువు. ఇక నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో, అప్పటికి రెండేళ్ళు దాటిన ఈ మనవరాలితో మిగిలింది నేనూ, మా ఇంటావిడా. స్నానం, అన్నం, నిద్ర ఆమె శాఖ. ప్రభుత్వాల్లో జరిగినట్టే, చదువు శాఖ చదువు లేనివాడికి దక్కింది. “రంగులు, అక్షరాలు మీ మీదనే ఇడిసిపెడుతున్న మామా,” అంది కోడలు, బస్సుకు పరుగెత్తుతూ. ఆ మాటతో నేను వాళ్ళ ఆఫీసులో పెద్ద అధికారినైనట్టు రొమ్ము విరిచాను.

దుకాణం విడిచే రోజున సేఠ్ ఒక సంచి నిండా కోతల్లో మిగిలిన ముక్కలూ, లేసు చుట్టలూ ఇచ్చాడు. అదే మా పాఠ్యపుస్తకం. వరండాలో దండెం కట్టి ముక్కలు వేలాడదీసేవాణ్ణి. పిల్ల నానమ్మ కొంగు పట్టి లాక్కొచ్చి, “దీనికి కలిసేది ఇయ్యి,” అని దబాయించేది. నేను సేల్స్‌మన్‌ని. కావాలనే తప్పు ముక్క ఇచ్చేవాణ్ణి. అది ముక్క పట్టుకుని, డైపర్ జారిపోతుంటే ఒక చేత్తో ఎగేసుకుంటూ, వరండా చివర ఎండ పడే మూలకు నడిచి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అప్పుడు తల అడ్డంగా ఊపేది. చూడందే నోరు విప్పేది కాదు. నేను నడిరోడ్డు మీద పరువు పోగొట్టుకుని నేర్చుకున్నది అది నాలుగు రోజుల్లో పట్టింది. నానమ్మ కొంగు పాపం దీని షాపింగ్‌లోనే చిరిగింది, అది వేరే సంగతి. ఏడాది తిరిగేసరికి పిల్లకు పచ్చలే ఆరు తెలుసు. పెసర ఏదో, చిలకపచ్చ ఏదో, మెహందీ ఏదో చెప్పేది. ‘ర’ పలకదు గానీ ‘లాణి’ అంటూ రాణి రంగు పట్టిచ్చేది.

అక్షరాలకు లేసు వాడాను. నేల మీద లేసుతో ‘అ’ పరిచి, దాన్ని రైలు పట్టాలన్నాను. పిల్ల రైలు. నాంపల్లిలో బయల్దేరి, మలుపు తిరిగి, లక్డీకాపూల్‌లో అమ్మ ఎక్కుతుందేమో చూసుకుని, చివరన ఆగాలి. అడుగు పట్టా తప్పితే రైలు మొదటికి. అప్పుడే స్టేషన్లో నిజం రైలు కూత వేస్తే దాని సంబరం చెప్పతరం కాదు, రైల్వేవాళ్ళు తన కోసమే వేశారనుకునేది. అలా ‘అ’ నుంచి ‘ఊ’ దాకా కాళ్ళతో నేర్చింది. ‘ఋ’ దగ్గరికి వచ్చాక లేసు చాలడం లేదని చెప్పి టీ తాగడానికి లేచేవాణ్ణి. అసలు చాలనిది లేసు కాదని మా ఇంటావిడకు తెలుసు. ఆమెకు ఈ రైలాట మొదటి నుంచీ నచ్చలేదు. సరస్వతిని తొక్కిస్తున్నావు, కళ్ళు పోతాయి అనేది. కాగితం మీదుంటే సరస్వతి, లేసు మీదుంటే లేసు అని నేను వాదించేవాణ్ణి. ఆ వాదనలో నెగ్గాననే అనుకున్నాను, పిల్లను చేర్చడానికి గన్‌ఫౌండ్రీలో ఒక బడి మెట్లు ఎక్కేదాకా.

గన్‌ఫౌండ్రీలో ఒక సందులో ఉన్న ఆ చిన్న బడి కోడలికి ఎంతో ముఖ్యం. దింపి ఆఫీసుకు పోవచ్చు, సాయంత్రం నేను నడిచి తెచ్చుకోవచ్చు. నర్సరీలో ఉన్నవి కొన్ని సీట్లే. పిల్లకు రంగులు, నాలుగైదు అక్షరాలు వచ్చి ఉండాలన్నారు. ఇది తప్పితే, ఏడాది పాటు పిల్లను సిద్దిపేట దగ్గర తన అమ్మగారి ఊళ్ళో వదలక తప్పదని కోడలు ముందే చెప్పింది. మా ఇంటావిడకు డాక్టరు నడుము ఆపరేషన్ రాశాడు, పగలంతా పిల్లను చూసుకోవడం మా వల్ల కాదు మరి. వారానికోసారి పిల్లను చూసుకునే తల్లిగా ఉండటం ఆమెకు ఎంత కష్టమో ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గోడవైపు చూసిన చూపులో కనిపించింది. నేనేమో, ఫికర్ చెయ్యకు, మన పిల్లను చూస్తే ఆ మేడమే కుర్చీ ఖాళీ చేసిస్తుందన్నాను.

రమ్మన్న రోజున కోడలూ పిల్లా మేడం గదిలో కూర్చున్నారు, నేను వరండాలో బెంచీ మీద. కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. మేడం ఎర్ర అట్టముక్క చూపించి, ఇదేం రంగని అడిగింది. గదిలో ట్యూబ్‌లైట్. పిల్ల ఆ ముక్కను మేడం చేతిలోంచి తీసుకుని, కుర్చీ దిగి, ఒక్క మాట లేకుండా గదిలోంచి బయటికి నడిచింది. కోడలు పేరు పెట్టి పిలిచింది, మేడం పిలిచింది. నోరు విప్పితే కదా. నా ముందు నుంచే పోయి, ఎండలో నిలబడి, అట్టముక్క తిప్పి చూసి, నాకు మాత్రమే వినపడేట్టు, “టమాట,” అంది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. పచ్చ ముక్క ఇస్తే దాన్నీ పట్టుకుని బయల్దేరింది. మూడో ముక్కను మేడం గట్టిగా పట్టుకుంది, పిల్లా గట్టిగానే లాగింది. చివరికి మేడం రంగులు పక్కన పెట్టి, ‘అ’ రాసున్న అట్ట బల్ల మీద పెట్టింది. పిల్ల దాన్ని తీసి నేల మీద పరిచింది. చెప్పు విప్పింది. కుడికాలు బొటనవేలు అక్షరం మొదట్లో పెట్టి, కూత వేసింది.

కోడలు వంగి అట్ట తీసి, కళ్ళకద్దుకుని, బల్ల మీద పెట్టింది. మేడం కోపం చేసుకోలేదు, అదే నాకు ఇంకా బాధగా ఉంది. మెల్లగా, “పాపకు కుదురు లేదమ్మా. ఇంట్లో ఎవరు చూసుకుంటారు?” అని అడిగింది. నేను బెంచీ మీద చిన్నవాణ్ణయి, పిన్నిగారో, ఆయానో ఎవరో ఒకరి పేరు చెప్పెయ్యి తల్లీ అని మనసులో మొక్కుకున్నాను. కోడలు తల దించలేదు. “మా మామనే మేడం. ఏం నేర్సినా ఆయన దగ్గరనే నేర్సింది,” అంది. ఆ మాటకు నేను లేచి లోపలికి వెళ్ళక తప్పలేదు. తప్పు పిల్లది కాదు, మ్యాచింగ్ సెంటర్‌దని చెప్పాను. ఎండ సంగతీ, లేసు సంగతీ చెబుతుంటే మేడం పెదవులు బిగబట్టింది. నవ్వాపుకుందో, జాలిపడిందో ఇప్పటికీ తెలియదు. బడిలో ముప్ఫైమంది పిల్లలుంటారని, అందరూ రంగు కోసం బయటికి పోతే తాను ఒక్కతే లోపల మిగులుతానని, వారం తర్వాత మళ్ళీ తీసుకురమ్మని అంది.

ఆ వారం నా జన్మలో చేసిన కష్టమైన కొలువు. సంచి అటక మీదికి ఎక్కించాను. కోడలు తెచ్చిన అట్టముక్కలు ట్యూబ్‌లైట్ కింద పెట్టి, పిల్లను చాప మీద కూర్చోబెట్టి, ఇదేం రంగు అన్నాను. లేవబోయింది. భుజం పట్టి కూర్చోబెట్టాను. ఎరుపు అని, బడి భాషలో రెడ్ అని చెప్పమన్నాను. “ఏ ఎలుపు తాతా?” అంది. ఉత్త ఎరుపు అన్నాను. అది నా మొహంలోకి చూసిన చూపు, నేను కావాలని తప్పు ముక్క ఇచ్చినప్పుడు చూసే చూపు. ఆటేమోనని నవ్వింది. నేను నవ్వలేదు. రెండో రోజు ఏడ్చింది. మూడో రోజు దండెం వైపు చూసి, ఏమీ వేలాడటం లేదని చూసి, ఊరుకుంది. నాలుగో రోజున టమాట, కుంకుమ, ఇటుక అన్నీ కలిపి ఒకటే మాటలో “లెడ్” అంది. శభాష్ అన్నాను. అక్షరాన్ని వేలితో చూపించడం రెండు పూటల్లో వచ్చింది. కాళ్ళు మాత్రం చాప మీద కదులుతూనే ఉండేవి, వాటిని నేను చూడనట్టు నటించాను.

రెండోసారి బడిలో పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెడ్డు, గ్రీను, ఎల్లో, అడిగినవన్నీ అడిగిన చోటే చెప్పింది. సీటు వచ్చింది. కోడలు బయటికి వచ్చి, నాంపల్లి దాకా నడిచి, ఇంటి మెట్ల దగ్గర కొంగుతో మొహం తుడుచుకుంది. అది సంతోషమే. ఆ సాయంత్రం ఇంట్లో పాయసం. అందరికీ గిన్నెలు చేతికొచ్చాక, నాకూ ఒకటి వచ్చాక, నా నోరు ఊరుకోలేదు. ఏడాది పాటు నేర్పినదాన్ని వారంలో నేనే మరిపించానని, ఆ లెక్కన పిల్ల ఏడాది నా దగ్గర దండుగైపోయిందని అన్నాను. మామూలుగా నా మాటలకు నవ్వే కోడలు అప్పుడు నవ్వలేదు. పిల్ల మూతి తుడుస్తూ, నా వైపు తిరగకుండానే అంది.

“దండుగయితే దానికి గదా కావాలె. మూడేండ్ల పిల్ల, పెద్దగైనంక ఇందుల ఒక్క దినం గూడ దానికి యాదికుండదు. యాదిజేసుకునేటందుకు ఏడాదికి ఏడాది మీకే మిగిలింది. ఇంక మీకు ఈ రంది, ఈ ఫికరేంది మామా?”