బూట్లతో సహా నూట డెబ్బై ఒకటి

పదకొండో తరగతి సగంలో బడి మానేసినదాన్ని నేను. నాకు నేర్పడానికి బడిలో ఇంకేం మిగల్లేదని అప్పట్లో అందరికీ చెప్పాను. హెడ్మాస్టరు గేటు దాకా వచ్చి కళ్ళు తుడుచుకున్నాడని తర్వాత కలిపాను. ఇప్పుడు కౌంటీ వాళ్ళ మంచు తోసే లారీ నడుపుతాను. సుపీరియర్ సరస్సుకి ఈ ఒడ్డున నాకంటే బాగా తోసేవాళ్ళు లేరు. ఒక ఏడు ఎంత మంచు పడిందంటే, బ్లేడుకి ఏదో టంగుమని తగిలితే దిగి చూశాను, లూథరన్ చర్చి గోపురం మీది గంట.

ఈ కథ ఎక్కడ చెప్పినా జనం నోళ్ళు తెరుచుకుని వింటారు, మా ఇంట్లో తప్ప.

"గంట కాదు. టెర్వో వాళ్ళ పోస్టు డబ్బా," అంటాడు మా నాన్న. అనేసి మళ్ళీ కిటికీలోంచి బయటికి చూస్తాడు.

ఆయన పేరు రేనో కంగాస్. డెబ్బై ఆరేళ్ళు. అందులో నలభై ఒక్క ఏళ్ళు అడవిలో కలప కొట్టాడు. ఎవరైనా తప్పు చెబితే సరిచెయ్యకుండా ఉండలేడు. కోపం ఉండదు, వెక్కిరింపూ ఉండదు. వంకరగా ఉన్న పలకని దారిన పోతూ జరిపిపోయినట్టు జరిపి పోతాడంతే. ఎలుగుబంటి నా లారీ ఎక్కి పక్క సీట్లో కూచుని పన్నెండు మైళ్ళు వచ్చిందని చెబితే, "మెట్టు మీద ముందుకాలు పెట్టింది. దిగింది," అంటాడు. ఆయన ముందు పేకాటలో కూడా ఎవరూ కోతలు కొయ్యరు. నేను తప్ప.

తన సంగతి వచ్చేసరికి మాత్రం ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే మాట. పర్లేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు రంపం జారి ఎడమకాలి వేళ్ళు రెండు పోయాయి. అదే బూటుతో బండి తోలుకుంటూ ఇంటికొచ్చి, కుర్చీలో కూచుని కాఫీ అడిగాడు. నేల మీద ఎర్రటి అడుగులు చూసి అమ్మ కేక పెడితే, "పర్లేదు, ఇంకా ఎనిమిదున్నాయి," అన్నాడు. నా కథలన్నిట్లో జనం బొత్తిగా నమ్మనిది ఇదే. ఇదే నిజం. ఆరేళ్ళ కిందట అమ్మని మట్టిలో పెట్టి వస్తుంటే పాస్టరు భుజం మీద చెయ్యి వేసి ఎలా ఉన్నావు రేనో అన్నాడు. ఆయనకీ అదే జవాబు.

పోయిన మే నెలలో ఒక పొద్దున నాన్న కాఫీ సగం కప్పు వదిలేశాడు.

మా ముత్తాతలు ఫిన్లండు నుంచి వచ్చి నూరేళ్ళు దాటింది. భాష పోయింది. కాఫీ, సౌనా అనే ఆవిరి స్నానం మిగిలాయి. మా ఇళ్ళల్లో చావు కబురు వచ్చినా కప్పు ఖాళీ చేసే లేస్తారు. ఆ సగం కప్పు చేత్తో పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"ఏమైంది నాన్నా?"

"కొంచెం తిప్పుతోంది. పర్లేదు."

ఆ తిప్పడం ఇక ఆగలేదు. జూన్ నాటికి వేగే ఉల్లిపాయ వాసన పడలేదు. ఆగస్టు నాటికి కాఫీ వాసనే పడలేదు. కాఫీ గిన్నె పట్టుకెళ్ళి హ్యాంక్ టెర్వో ఇంట్లో పెట్టాను. హ్యాంక్ బాబాయ్, నాన్న యాభై ఏళ్ళుగా కలిసి జింకల వేటకి పోతారు. "కాఫీ లేని కంగాసా? పట్నం మ్యూజియంలో పెట్టించు, టిక్కెట్టు నేనే కొంటా," అన్నాడు బాబాయ్. గిన్నె అందుకుంటున్నప్పుడు మాత్రం నా మొహం చూడలేదు.

మంచు మొదలయ్యాక నా ఒంటిమీది డీజిలు వాసన కూడా పడలేదు. కట్టెల కొట్టంలోనే బట్టలు మార్చుకుని ఇంట్లోకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. సున్నాకి ఇరవై డిగ్రీల కింద ఆ పని చేస్తే ఊపిరి కూడా వణుకుతుంది. ఒకరోజు నా ప్యాంటు గడ్డకట్టి, నాకంటే ముందు తనే గుమ్మం దాటి ఇంట్లోకి నడిచిందని నాన్నకి చెప్పాను. ఆయన బకెట్టు మీదికి వంగి ఉన్నాడు. తల ఎత్తకుండానే, "నడవదు. నిలబడుతుందంతే," అన్నాడు. ఆ పూట నాకు కాస్త ధైర్యం వచ్చింది. తర్వాతి వారం చెప్పిన రెండు కథలకి ఆయన ఏమీ అనలేదు. ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు.

ఏది పడుతుందో, ఏది పడదో ఒక్కొక్కటే కనిపెట్టాను. వేడిది ఏదీ వద్దు, వేడి నుంచి వాసన లేస్తుంది. చల్లారిన ఉడకబెట్టిన బంగాళదుంప, ఉప్పు బిస్కెట్లు. విలి పడేది, అంటే మావాళ్ళు తోడుపెట్టే పెరుగు, చెంచాతో ఎత్తితే తీగలా సాగుతుంది. గంటకి రెండు చెంచాలు, అంతకి మించితే మొత్తం వెనక్కి వస్తుంది. మెడ వెనక తడిగుడ్డ. కిటికీ వేలెడంత తెరిచి ఉండాలి, గదిలో ఎంత చలైనా సరే. చలికి ఆయన రెండు ఉన్ని ప్యాంట్లు, మూడు చొక్కాలు వేసుకునేవాడు. ఆ బట్టల లోపల మనిషి ఎంత మిగిలాడో నాకు తెలిసేది కాదు.

కక్కడం నాకు తెలియకూడదని కట్టెల కొట్టం వెనక్కి వెళ్ళేవాడు. నేను మంచుతో బతికేదాన్ని. తెల్లారుజామున పడిన తాజా మంచులో ఇంటి నుంచి కొట్టం వెనక్కి ఎన్ని వరసల అడుగులు పడ్డాయో సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు ఆరు. ఒకరోజు తొమ్మిది.

పట్నం ఆస్పత్రి తొంభై మైళ్ళు. పక్క సీట్లో కూచుంటే ఆయనకి ఎక్కువ తిప్పుతుంది, స్టీరింగు పట్టుకుంటే తక్కువ. అందుకని మూడు కౌంటీల్లోకీ గొప్ప డ్రైవరునైన నేను ఒళ్ళో ఐస్‌క్రీం బకెట్టు పెట్టుకుని పక్కన కూచునేదాన్ని, జబ్బు మనిషి బండి నడిపేవాడు. గొట్టం వేసి కడుపులో చూశారు. పొట్ట స్కాను, తల స్కాను, రక్తం, మూత్రం. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. బాగున్నాయన్నప్పుడల్లా నాకు భయం ఇంకో మెట్టు ఎక్కేది. కనబడిన జబ్బుతో అయితే దెబ్బలాడొచ్చు.

అక్కడి నర్సు జోలీన్ నాతో పాటు చదివింది. చదివింది అంటే, తను చదివింది.

"ఏమే ఐలీ, ఎలుగుబంటిని బయట లారీలోనే ఉంచావా?"

"జోలీన్, నాన్న రోజుకి తొమ్మిదిసార్లు కక్కుతున్నాడు."

"నీ తొమ్మిది అంటే లోకంలో రెండు."

"తొమ్మిదే. మంచులో అడుగులు లెక్కపెట్టాను."

ఆ మాట నోట్లోంచి వస్తుండగానే అది ఎలా వినబడుతోందో నాకే తెలిసింది. జోలీన్ పకపకా నవ్వి, పెన్ను చెవి వెనక పెట్టుకుని, "ఇది చర్చి గంట కంటే బాగుంది," అంది. పాపం తన తప్పేం లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ నేనే నేర్పిన పాఠం అది.

లోపల డాక్టర్ హోల్‌కమ్. చిన్నపిల్ల, ముప్ఫై రెండో ముప్ఫై మూడో. నిద్ర చాలని కళ్ళు.

"ఎలా ఉన్నారు కంగాస్ గారూ?"

"పర్లేదు."

"వాంతులు?"

"అప్పుడప్పుడు."

"తిండి?"

"తింటున్నా."

"రోజంతా కలిపి అర దుంప తింటున్నాడు డాక్టరమ్మా," అన్నాను. ఆవిడ మా నాన్న వైపు చూసింది. నాన్న చేతిలో టోపీ తిప్పుకుంటూ కూచున్నాడు. కాగితంలో బరువు చూసింది. వేసవిలో నూట ఎనభై పౌండ్లు, ఇప్పుడు నూట డెబ్బై ఒకటి. "ఈ వయసులో తొమ్మిది పౌండ్లు అంత కంగారు పడాల్సింది కాదు," అంది మెల్లగా, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఇలా మూడుసార్లు. మూడోది ఫిబ్రవరిలో.

ఆ రోజు దారిలో నాన్న రెండుసార్లు బండి పక్కకి ఆపాడు. రెండోసారి తలుపు తెరిచి మంచులోకి వంగి, తిరిగి పైకి లేవడానికి తలుపు పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. నేను చెయ్యి అందిస్తే తీసుకున్నాడు. ఎప్పుడూ తీసుకోడు. ఆ చెయ్యి గ్లోవు లోపల పుల్లల కట్టలా ఉంది.

డాక్టర్ హోల్‌కమ్ కాగితాలన్నీ ఒక దొంతరగా సర్దింది. "పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయి. మీరూ నెట్టుకొస్తున్నారు. ఈ మాత్ర వాడుతూ ఉండండి. ఆగస్టులో ఒకసారి చూద్దాం."

ఆగస్టు. వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఆరు నెలలు. ఆగస్టుకి ఈ కుర్చీలో కూచోవడానికి మనిషి ఉండడు. నాన్న అప్పుడే టోపీ పెట్టుకుంటున్నాడు. నిజం చెప్పి చెప్పి చూశాను, అది నా నోటికి అతకలేదు. ఇక చేతనైన పనే చేశాను.

"అవును డాక్టరమ్మా," అన్నాను, కాలు మీద కాలు వేసుకుని. "నేనే ఊరికే గోల చేశాను. మా నాన్న మహా జోరుగా ఉన్నాడు. నిన్న రాత్రి మాంసం, దుంపలు కూరిన పాస్టీలు మూడు తిన్నాడు. ఇంతింతవి."

నాన్న టోపీ పట్టుకున్న చెయ్యి ఆగింది.

"తినలేదు," అన్నాడు.

"మూడో దాంట్లో కొంచెం మిగిల్చాడులెండి. పొద్దున మాత్రం అయిదు గుడ్లు, దాని మీద ఏడు కప్పుల కాఫీ."

"కాఫీ తాగి ఆరు నెలలైంది. పొద్దున రెండు బిస్కెట్లు. ఉండలేదు."

డాక్టరమ్మ పెన్ను అందుకుంది. ఆపితే మళ్ళీ పర్లేదు అంటాడని భయం.

"పోయిన వారమంతా ఒక్కసారి కూడా కక్కలేదు," అన్నాను.

"నలభై నాలుగు సార్లు." నాన్న నావైపు చూడటంలేదు. నేల మీద ఒక గీతని చూస్తూ, కలప లారీలో దుంగల లెక్క చెప్పినట్టు చెబుతున్నాడు. "బుధవారం ఎనిమిది. మంగళవారం పది, అందులో రెండు ఉట్టి పసరు."

"ఒళ్ళు కూడా చేశాడు. అదిగో కాగితంలోనే ఉంది, నూట డెబ్బై ఒకటి."

"బూట్లతో." టోపీ మోకాలి మీద పెట్టాడు. "కోటుతో. జేబులో పటకారు, గొలుసు తాళం ఉన్నాయి. వేసవిలో చొక్కా మీద తూచారు. అది, ఇది ఒకటి కాదు."

డాక్టరమ్మ లేచి తలుపు తీసి జోలీన్‌ని పిలిచింది.

నాన్న బూట్లు విప్పనన్నాడు. వేళ్ళు లేని కాలు ఎవరికీ చూపించడు, అయ్యో అంటారని. జోలీన్ ఇంకేం అడక్కుండా మోకాళ్ళ మీద కూచుని లేసులు ఊడదీసింది. మేజోడు లాగాక ఆ కాలు చూసింది, తలెత్తి నన్ను చూసింది. ఆ కథ దానికి పదో తరగతిలోనే చెప్పాను. ఒక ఉన్ని ప్యాంటు, ఇంకో ఉన్ని ప్యాంటు, చొక్కాలు, అన్నీ కుర్చీ మీద గుట్టపడ్డాయి. లోపలి బట్టల్లో నాన్న కాటా ఎక్కాడు. భుజాల ఎముకలు చూడలేక నేను గోడ మీద క్యాలెండరు చదివాను.

నూట నలభై తొమ్మిది. ముప్ఫై ఒక్క పౌండ్లు, పద్నాలుగు కిలోల మనిషి మా ఇంట్లోంచి వెళ్ళిపోయాడు, నేను అడుగులు లెక్కపెడుతుండగానే.

అప్పటికప్పుడు మంచం ఇచ్చి సెలైను పెట్టారు. నాలుగు రోజులు ఉంచారు. మందు కలిపిన గుడ్డు తినిపించి అది కడుపులో ఎంతసేపు ఉంటుందో ఫొటోలు తీశారు. అదీ మామూలుగానే ఉంది. జబ్బుకి పేరు దొరకలేదు. డాక్టర్ హోల్‌కమ్ మంచం అంచున కూచుని, "ఎందుకిలా అవుతోందో నాకు తెలీదు కంగాస్ గారూ. తెలిసేదాకా ఈ ఫైలు మూయను," అంది. మాత్ర మార్చింది. రెండు వారాలకోసారి రమ్మంది. నూట నలభై దాటి కిందికి దిగితే ముక్కులోంచి గొట్టం వేసి తిండి పెట్టాలంది. నాన్న తల ఊపాడు.

తిరుగు దారిలో కూడా నాన్నే స్టీరింగు పట్టుకున్నాడు. బకెట్టు నా ఒళ్ళోనే ఉంది.

"నలభై నాలుగు లెక్కపెట్టుకున్నావు కదా. ఆవిడకి ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"అడగలేదు."

"అడిగింది నాన్నా. మూడుసార్లు అడిగింది."

"ఎలా ఉన్నారు అంది." ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అది పలకరింపు."

"మరి నాకు?"

ముందున్న కలప లారీని దాటించాడు. "నీకు చెబితే రాత్రి నిద్రపోవు. నువ్వు పొద్దున మంచులో బండి నడపాలి," అన్నాడు.

కొత్త మాత్ర పొద్దుటి పూట పనిచేస్తోంది. మధ్యాహ్నాలు ఏ పూట ఎలా ఉంటుందో చెప్పలేం. మొదటి రెండు వారాలకి నూట నలభై ఎనిమిది, ఒంటి బట్టలతో. జోలీన్ ఆ అంకె నాకు చూపించి రాసుకుంది, నవ్వలేదు. అది నవ్వకపోవడం నాకు అలవాటు కాలేదు ఇంకా.

పోయిన శనివారం మధ్యాహ్నం సౌనా కాచాను. నాన్న కింది బల్ల మీద పది నిమిషాలు కూచున్నాడు, వేడెక్కువుండే పై బల్ల వైపు కనీసం చూడలేదు. బయటికొచ్చాక బయటి గదిలో దుప్పటి కప్పుకుని, చల్లారిన పాలన్నం గిన్నె తీసుకున్నాడు. ఒక చెంచా. కాసేపాగి ఇంకోటి. నాలుగు చెంచాలయ్యాక ఆపాడు. వాంతి వచ్చేదైతే ఇరవై నిమిషాల్లో వస్తుంది. గోడ గడియారం వైపు చూడకుండా చూస్తూ కూచున్నాను. పదహారు. పద్దెనిమిది. ఆయన గొంతులో గుటక కదిలినప్పుడల్లా నా చెయ్యి బకెట్టు మీదికి పోతోంది.

"నా మొహంలో సినిమా ఏమైనా ఆడుతోందా?" అన్నాడు.

"బోరు సినిమా. హీరోకి బొత్తిగా డైలాగులు లేవు."

"పోయి కట్టెలు తే అమ్మాయ్."

సౌనా ఆరిపోయాక కట్టెలెందుకని అడగలేదు. వెళ్ళాను. చేతుల నిండా బర్చ్ కట్టెలు ఎత్తుకుని వెనక్కి వచ్చి, తలుపు ఇవతల నిలబడిపోయాను. లోపల చప్పుడు లేదు. ఇరవై రెండో నిమిషం, ఇరవై మూడో నిమిషం అనుకుంటూ లెక్కపెట్టాను. చేతులు లాగుతున్నాయి. అప్పుడు గిన్నెకి చెంచా తగిలింది. అయిదో చెంచా కావచ్చు. గిన్నె పక్కన పెట్టేసిన చప్పుడూ కావచ్చు. తలుపు తియ్యకుండా, కట్టెలు దించకుండా, ఇంకోసారి వినబడుతుందేమోనని అక్కడే నిలబడ్డాను.