ఖాలా అడిగే రెండో ప్రశ్న

మా ఆసుపత్రి ఆయమ్మ పోయిందన్న కబురు ఆమె కొడుకు అంబులెన్సులోంచి ఫోన్ చేసి చెప్పాడు. ఎప్పుడు అని అడిగాను. పదిహేనేళ్ళ నర్సు ఉద్యోగం, అలవాటు కొద్దీ నోరు ఊరుకోలేదు. "కొనకనమిట్ల దాటినాక సిస్టరమ్మా. పొదిలి ఇంకా రాలే," అన్నాడు. గోడ గడియారం చూసి, ఆ రోడ్డు మీద బండి వేగం లెక్కగట్టి, నాలుగూ పది అయివుంటుందనుకున్నాను. ఒంగోలు అక్కడికింకా చాలా దూరం.

అదే రోజు మధ్యాహ్నం ఆమె కేసు షీటు రాసింది నేనే. నొప్పి మొదలైన టైము అన్నచోట రెండు గంటలు అని రాశాను. ఆ అంకె తప్పని ఇప్పుడు నాకు తెలుసు. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఈ సంగతే చెప్పాలనిపించింది. ఎందుకంటే ఆ గడిలో టైము సరిగ్గా రాయడం నాకు నేర్పింది ఆమే.

మార్కాపురంలో మాది ఇరవై మంచాల నర్సింగ్ హోమ్. ఆమెను డాక్టరు గారితో సహా అందరం ఖాలా అనేవాళ్ళం. ఉర్దూలో పిన్నమ్మ అని. నేనేమో చీరాల వైపు పిల్లని. చేరిన మొదటి వారంలోనే వెలిగండ్ల నుంచి ఒక ముసలాయన కడుపునొప్పితో వచ్చాడు. ఎప్పటినుంచి అంటే బారెడు పొద్దెక్కినప్పటినుంచి అన్నాడు. అంటే ఎన్ని గంటలకు అన్నాను. చెప్పాను కదా అన్నట్టు నన్నొకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. నేను గడి ఖాళీగా వదిలేశాను. ఖాలా ఆయన్ని మెల్లగా వరండాలోకి నడిపించుకుపోయి, పొద్దు ఎక్కడుండె, చెయ్యెత్తి చూపించమంది. ఆయన ఎదుటి పలకల గోడౌను రేకుల మీదుగా చెయ్యి చాపాడు. ఖాలా ఆ చెయ్యి వెంబడి కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"తొమ్మిది కావస్తాంటుంది. రాసుకో సిస్టరమ్మా."

ఆమెకు గడియారం చూడటం రాక కాదు. డ్యూటీకి ఆలస్యంగా వచ్చిన రోజు లేదు. కాకపోతే మా దగ్గరికొచ్చే జనంలో సగం మందికి గడియారంతో పని లేదని ఆమెకు తెలుసు. గొర్రెలు మేపుకునేవాళ్ళకు పాలు పితికే యాళ, మందలు తోలే యాళ, మందలు తిరిగొచ్చే యాళ. ఊళ్ళో సాయిబుల ఇళ్ళలో నమాజులతో చెబుతారు. కొమరోలు వైపు వాళ్ళు బస్సులతో చెబుతారు. రెండో బస్సు పోయినాక అంటే, మార్కాపురం వచ్చేదా, గిద్దలూరు పోయేదా అని ఖాలా ఆరా తీసేది. జాము అంటే గంట అనుకుని నేను కొన్నాళ్ళు రాసేశాను. మూడు గంటలని చెప్పింది ఆమే. చుట్ట కాల్చినంతసేపు అని ఎవరైనా అంటే, ఆ చుట్ట ఎవరిదో కూడా అడిగేది. ఖాలా వాళ్ళ నాయన చుట్ట వెలిగిస్తే పూటంతా అదే చుట్టట.

నన్ను చూసి ఆమె పకపకా నవ్విన సందర్భం ఒకటుంది. కొనకనమిట్ల దగ్గరి పల్లె నుంచి ఒకమ్మాయి కడుపుతో ఉండి చూపించుకోవడానికి వచ్చింది. ఆఖరుసారి ఎప్పుడు బయట చేరావంటే, పీర్ల పండగ నాడు అంది. నేను గోడ మీదున్న కేలెండరులో పండగ వెతికి తేదీ వేసి, కాన్పు ఎప్పుడో లెక్కకట్టి ఇచ్చాను. అది పోయినేటి కేలెండరు. ఎవరూ తీసెయ్యలేదు. పండగ ఏటా అదే తేదీకి వస్తుందన్న ధీమాతో నేనూ ఏడాది చూడలేదు. ఖాలా చీటీ చూసి, "మా పండగలు ఒక తావున నిలబడవు బేటీ. ఏడాదికి పది పదకొండు రోజులు ముందే వస్తాయి," అంది. అప్పటిదాకా సిస్టరమ్మా అన్న మనిషి ఆ రోజునుంచి బేటీ అనడం మొదలుపెట్టింది. తప్పు చేసినందుకు దక్కిన పిలుపు.

ఖాలా రెండు లెక్కలను మాత్రం అస్సలు నమ్మేది కాదు. ఒకటి, భయపడ్డ తల్లి చెప్పే గంట. రెండోది, ఆడమనిషి చెప్పే 'ఇప్పుడే'.

ఫిట్స్ వచ్చిన పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చే ప్రతి తల్లీ గంటసేపు కొట్టుకున్నాడనే చెబుతుంది. డాక్టరు గారికి నిజంగా ఎన్ని నిమిషాలో కావాలి. ఖాలా ఆ తల్లిని కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని మొదటినుంచి మళ్ళీ తలుచుకోమనేది. బిడ్డ కన్ను తేలేసినాడు, నువ్వు లేచినావు, అత్తను పిలిచినావు, నీళ్ళు తెచ్చినావు, బిడ్డ మెత్తబడినాడు, అప్పుడు కళ్ళు తెరువు. నేను పక్కన నిలబడి సెకన్ల ముల్లు చూసేదాన్ని. చాలాసార్లు రెండు మూడు నిమిషాలే తేలేది. ఆ తల్లి అబద్ధమాడిందని ఖాలా ఎన్నడూ అనలేదు. ఆమెకు గంటే గడిచింది, మన పిల్లోడికి మాత్రం రెండు నిమిషాలు రాయాలి అనేది.

ఇప్పుడే అన్న మాట సంగతి వేరు. ఒక మేకలావిడ గుర్తుంది. డొక్కలో నొప్పి, ఎప్పటినుంచి అంటే ఇప్పుడే, ఇందాకనే అంది. మొహం చూస్తే బాగా వాడిపోయి ఉంది. ఖాలా ఆమె పక్కన మంచం మీద కూర్చుని, నొప్పి వచ్చినప్పుడు ఏం పని మీదుండావు అని అడిగింది. ఆవిడ ఆలోచించింది. మేకల్ని తోలుకుపోతా ఉండా అంది. ఈ పొద్దేనా అంటే, కాదు, నిన్న అంది. మరి నిన్ననే రావచ్చు కదా అంటే, మేకల్ని ఎవరు తిప్పుకొస్తారు అంది. ముప్పై గంటలు దాటిన నొప్పి. అప్పటికప్పుడు ఆపరేషను చేశారు. బతికింది. తరువాత ఒకసారి దోసకాయలు తెచ్చి ఇచ్చింది, నాకు కాదు, ఖాలాకు.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ ఖాలా చెప్పిన మాట ఇది: "ఆడోళ్ళకు పని అయిపోయినాకే నొప్పి మొదలవుతాది బేటీ. ఎప్పుడు అని అడిగి ఊరుకోవద్దు. అప్పుడు ఏం పని మీదుండావని రెండోసారి అడగాల."

నేను అడిగాను. పదిహేనేళ్ళుగా అందరినీ అడిగాను. కొత్తగా చేరిన అమ్మాయిలకూ నేర్పాను.

ఆ రోజు రెండో ఆయమ్మ సెలవు. కాన్పుల గదిలో ఇద్దరున్నారు. ఖాలా పొద్దుటినుంచీ కూర్చోలేదు. రెండో కాన్పు అయింది, బిడ్డను తుడిచి ఇచ్చింది, నేల కడిగింది, టిఫిను డబ్బా తెరిచి మళ్ళీ మూసేసింది. తరువాత నా బల్ల దగ్గరికొచ్చి, గుండె బరువుగా ఉందంది. చెమటలు పట్టాయి. పడుకోబెట్టి, ఎప్పటినుంచి ఖాలా అని అడిగాను.

"ఇప్పుడే బేటీ," అంది.

గడియారం చూసి రెండు అని రాశాను. డాక్టరు గారు ఈసీజీ చేతిలో పట్టుకుని కాస్త సందేహించారు. చాలాసేపయినట్టుందే, టైము కరెక్టేనా అని నన్నడిగారు. కరెక్టే సార్ అన్నాను. ఆ మాట మీద, తొందరగా వచ్చిన కేసు కదా అని గడ్డ కరిగే ఇంజెక్షను ఇక్కడే ఇచ్చి, గంటన్నర చూసి, తగ్గకపోతే అప్పుడు ఒంగోలు పంపారు. చాలా గంటలయిందని తెలిసుంటే ఆగకుండా పంపేవాళ్ళు. పంపినా దక్కేదని చెప్పలేం అని డాక్టరు గారు తరువాత నాతో అన్నారు. ఆయన నన్ను ఓదార్చడానికి అన్నారో, నిజమే అన్నారో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

నా తప్పు నాకు కష్టంగానే ఉంది. ఆమె మీద కోపం కూడా ఉంది. ఈ రెండూ దాచుకుని ఆమెను పొగిడితే అది అబద్ధపు రాత అవుతుంది. రెండో ప్రశ్న నాకెందుకు తోచలేదా అని చాలా ఆలోచించాను. ఆ ప్రశ్న పల్లెల నుంచి వచ్చేవాళ్ళ కోసమని అనుకున్నాను కాబోలు. చెప్పినామెను అడగాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు నన్ను లోపల కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఆ రోజు పొద్దున అత్తమ్మ ఏం పని మీదుంది అని అడిగాను. అడగాల్సిన మనిషిని కాక, ఆమె కోడల్ని.

"ఆ పొద్దు కొళాయి నీళ్ళొచ్చిన రోజు సిస్టరమ్మా. నాలుగు రోజులకొకతూరి వస్తాయి కదా, తెల్లారకముందే. నేను బిందెలు పట్టుకుంటాండా, అత్తమ్మ గుడ్డలుతికింది. తీగ మీద ఆరెయ్యలే. ఎడమ చెయ్యి పైకి లేవడంలే, ఈడ్నే వేస్తాలే అన్నది. వయసు కదా అనుకున్నా."

కేసు షీటులో దిద్దడానికి ఇప్పుడు వీల్లేదు. అందుకని ఇక్కడ దిద్దుతున్నాను. నొప్పి మొదలైన టైము: తెల్లవారుజామున, కొళాయి నీళ్ళొచ్చిన యాళ, గుడ్డలు ఆరవేస్తుండగా.

వచ్చేటప్పుడు పెరటి వైపు చూశాను. నడుమెత్తు గోడ మీద బట్టలు మూడు రోజులుగా అట్లాగే ఉన్నాయి. చావింట్లో ఎవరికీ వాటి ధ్యాస లేదు. మనవడి నిక్కర్లు, ఒక తువ్వాలు, మా ఆసుపత్రి నీలం చీర. గాలికి పోకుండా చీర కొంగు మీద ఒక పలకరాయి ముక్క పెట్టి ఉంది. ఆ పైన, మనిషి చెయ్యెత్తితే అందే ఎత్తులో, తీగ ఖాళీగా ఉంది.