పాపాయి మామ్మ అడిగిన మాట

దేవకుమారికి పల్లవులు వచ్చేవి. చరణాలే వచ్చేవి కావు.

తణుకు దగ్గర కాలవ ఒడ్డు ఊళ్ళో ఆవిడ ఏఎన్ఎమ్. స్కూటీ మీద టీకాల పెట్టె పెట్టుకుని, చంటిపిల్లలున్న ఇళ్ళకీ, నెలలు నిండిన ఆడవాళ్ళ దగ్గరకీ వీధి వీధీ తిరిగే ఉద్యోగం. ఆ తిరుగుడులోనే కాలవ వంతెన మీదో, ఎవరింటి అరుగు మీదో ఉన్నట్టుండి ఒక పల్లవి తట్టేది. బండి పక్కకి ఆపి, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, ఫోన్లో పాడి దాచుకునేది. సాయంత్రం వంటయ్యాక చరణం కోసం కూర్చుంటే మాత్రం ఒక్క ముక్క కదిలేది కాదు.

భర్త రమేష్ బాబు చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఆదివారం లూథరన్ చర్చిలో డోలక్ వాయిస్తాడు. "నీ పల్లవులన్నీ కలిపి ఒకే పాట చేసేద్దాం కుమారీ. దేవుడేం అనుకోడులే" అనేవాడు. కూతురు తబిత డిగ్రీ చదువుతోంది, చర్చిలో కీబోర్డు తనదే. "అమ్మవన్నీ ట్రైలర్లే నాన్నా, సినిమా ఎప్పుడూ రిలీజవదు" అని నవ్వేది. దేవకుమారి కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేది గానీ, తర్వాత గిన్నెలు తోముకుంటూ ఆ పల్లవే మళ్ళీ మళ్ళీ అనుకునేది.

ఆ చర్చి సంఘంలో పాట కట్టడమంటే ఒక గౌరవం. అచ్చుపుస్తకంలో ఉన్న కీర్తనలు ఎలాగూ అందరూ పాడతారు. అవి కాక, ఆ ఊరివాళ్ళే కట్టినవి, ఏ పుస్తకంలోనూ ఎక్కకుండా నోటి నుంచి నోటికి వచ్చినవి కొన్ని ఉన్నాయి. ఒకప్పుడు చర్చిలో వాక్యం చెప్పిన ఉపదేశి రాజరత్నం గారు కట్టినవి గంభీరంగా, నిలబడి పాడాల్సినట్టుంటాయి. చిట్టియ్య అనే వ్యవసాయ కూలీ కట్టినవి చప్పట్లు కొట్టకుండా పాడలేం. పాపాయి అనే ఆవిడది మాత్రం ఒకటే పాట. ముగ్గురూ పోయి చాలా కాలమైంది. దేవకుమారి పుట్టేసరికే పాపాయి లేదు. అయినా ఊళ్ళో అందరిలాగే ఆవిడా పాపాయి మామ్మ అనే అనేది. చిన్నప్పుడు నేర్చుకున్న మొదటి పాట ఆ మామ్మదే.

గండి పడిన గట్టు మీద గంప దించి నిలిచినాను
నీ కరుణే తట్ట మట్టి, నీ మాటే కొత్త గట్టు

అన్నిసార్లు పాడింది గానీ అందులో గండి ఏమిటో, గంప ఏమిటో ఎప్పుడూ ఆలోచించలేదు. పాటల్లో అలాంటివి ఉంటాయి కదా అనుకుంది.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. ఆ రోజు క్రైస్తవ కుటుంబాలన్నీ శ్మశానంలోనే ఉంటాయి. పొద్దున్నే గడ్డి పీకి, సమాధులకి సున్నం వేసి, బంతిపూలు కట్టి, చీకటి పడే వేళకి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఏడుపు పెద్దగా ఉండదు. ఫ్లాస్కుల్లో టీలు, పేపరు ప్లేట్లలో పులిహోర, చుట్టాల పలకరింపులతో అక్కడంతా సందడిగా ఉంటుంది. దేవకుమారి వాళ్ళమ్మ సమాధికి సున్నం వేయగా బకెట్లో ఇంకా మిగిలింది. పారబోయడం ఎందుకని చుట్టూ చూస్తే, గోడవార పిచ్చిమొక్కల్లో మునిగిపోయి ఒక సమాధి కనపడింది. వెళ్ళి ఆకులు తప్పించి చూస్తే పాపాయి పేరు.

"మామ్మా, నీకెవరూ రాలేదా?" అంది పైకే.

పిల్లల్లేని మనిషి. ఎవరొస్తారు? దేవకుమారి చీర కుచ్చిళ్ళు దోపుకుని మొక్కలు పీకింది. నీళ్ళు తెచ్చి నాచు కడిగింది. సున్నం వేస్తుంటే చెయ్యి దానంతటదే ఆ పాట లయకి ఆడింది. కూనిరాగం తీసింది. కొంచెం దూరంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కృపారాణి గారు అది విని తల తిప్పారు. ఎనభై దాటిన మనిషి, సంఘంలో అందరికంటే పెద్దావిడ.

"ఆ పాట ఆవిడ ఎక్కడ కట్టిందో తెలుసా?" అన్నారు.

"చర్చిలోనేమో అండి."

"చర్చిలో ఏంటి? కాలవ గట్టు మీద. నేను గౌన్లేసుకునే పిల్లని. ఆ ఏడు వానలకి కాలవకి గండి పడింది. ఊరంతా చేరి మట్టి మోశాం. పాపాయక్క పెద్ద గంప ఎత్తుకునేది. మధ్యలో ఒకసారి గంప దించి, నడుం పట్టుకుని నిలబడి, నవ్వుతూ మొదలెట్టింది. గండి పూడేలోపు పాటంతా అయిపోయింది. మేం కూడా పాడుతూ మోశాం. అలసట తెలియలేదు."

దేవకుమారి చేతిలో కుంచె ఆగిపోయింది. గంప అంటే గంపే. మట్టి అంటే మట్టే. ఇన్నేళ్ళూ తను పాడినది ఒక మనిషి నెత్తి మీద బరువు.

పొద్దుగూకుతుంటే సమాధుల మీద కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలిగాయి. దేవకుమారి పాపాయి సమాధి మీద రెండు వెలిగించి, పక్కన కూర్చుంది. అరచెయ్యి సమాధి మీద పెట్టింది. సున్నం ఇంకా తడిగా ఉంది, కింద రాయి మాత్రం పగటి ఎండకి వెచ్చగా ఉంది. ప్రార్థన చేద్దామనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"మామ్మా, నాకు చరణాలు ఎందుకు రావు?"

ఆ తర్వాత జరిగింది ఆవిడ భర్తకి చెప్పింది, కూతురికి చెప్పింది, అందరికీ ఒకేలా చెప్పింది. గొంతు వినపడలేదు. మనిషి కనపడలేదు. పక్కన ఎవరో పనిచేసి వచ్చి చెమట తుడుచుకుంటూ కూర్చున్నట్టు మాత్రం అనిపించింది. ఆ దగ్గరితనంలోంచి ఒక ప్రశ్న, తన ఆలోచన కానిది, తను ఎప్పుడూ వేసుకోనిది, మనసులోకి వచ్చి నిలబడింది.

నువ్వేం మోశావే?

దేవకుమారి సమాధి మీద నుంచి చెయ్యి తీయలేదు. ఇన్నాళ్ళూ తను చరణాల్లో ఏం పెడుతోందో తల్చుకుంది. ఎన్నడూ చూడని దేవదారు చెట్లు, ఎన్నడూ ఎక్కని కొండలు, బంగారు వీధులు. అవన్నీ ఎవరో చూసినవి. తను చూసినవి వేరు. ఉద్యోగం కొత్తలో గోదావరి లంకల్లో పనిచేసింది. టీకాల పెట్టె భుజానికి తగిలించుకుని పడవ దిగి, మోకాలి లోతు ఇసకలో నడిచి వెళ్ళేది. చంటిపిల్లల్ని ఉయ్యాల తక్కెడలో వేసి తూచేది. ముల్లు కాస్త ముందుకి జరిగితే ఆ తల్లుల మొహాలు ఎలా వెలిగేవి. ఒకావిడైతే పిల్ల బరువు పెరిగిందని దేవకుమారి చేతిలో జామకాయలు పోసి పంపింది.

అక్కడే, కొవ్వొత్తులు కరిగే లోపలే, చరణం వచ్చింది. ఎప్పటి నుంచో ఫోన్లో పడి ఉన్న ఒక పల్లవి వెనకాలే, దాని కోసమే పుట్టినట్టు వచ్చింది. ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "వచ్చింది మామ్మా" అంది రాతితో.

ఇంటికెళ్ళాక రమేష్ బాబు డోలక్ తీసుకుని కూర్చున్నాడు, ఎప్పటిలా పల్లవి దగ్గర ఆగుతుందనుకుని. దేవకుమారి పాడింది.

నిన్న మోసినవాడే నేడూ మోసేవాడు
నా బరువెంతో తెలిసీ నవ్వేవాడు

లంకలోని ఇంటి ముందు పడవ దిగి నిలిచినాను
పసిబిడ్డను ఉయ్యాల తక్కెడలో తూచినాను
ముల్లు కాస్త జరగగానే తల్లి మురిసిపోయిందే
నన్ను తూచి నువ్వు కూడా అట్లే మురిసినావా

డోలక్ మీద చేతులు ఆగిపోయాయి. తబిత లోపలి గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇంకోటి ఉందా?" అన్నాడు రమేష్ బాబు.

"ఉంది. ఇంకా వస్తున్నాయి. నన్ను ఆపకండి."

ఆ వారమంతా ఆవిడ డ్యూటీ అయ్యాక శ్మశానం మీదుగా ఇంటికొచ్చేది. కాసేపు పాపాయి దగ్గర కూర్చుని, ఆ రోజు చూసినవి చెప్పేది. ఎవరికి ఏ బిడ్డ పుట్టింది, ఏ ముసలాయన మాత్రలు మింగకుండా దిండు కింద దాచాడు, అన్నీ. చెప్తూ చెప్తూ ఉండగా ఒక మాట మెరిసేది. అది పాటలోకి వెళ్ళేది. చూసినవాళ్ళు ఊరుకుంటారా? దేవకుమారి సమాధులతో మాట్లాడుతోందని పాస్టర్ నిరంజన్ గారి దాకా వెళ్ళింది. ఆయన వయసులో చిన్నవాడు, మెత్తని మనిషి. ఒక సాయంత్రం తనే బండి వేసుకుని శ్మశానానికి వచ్చాడు. దేవకుమారి లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా" అని తనూ గోడవార గట్టు మీద కూర్చున్నాడు. "ఏమీ అనుకోకండి. చనిపోయినవాళ్ళతో మాట్లాడుతున్నారని నలుగురూ అంటున్నారు. అడగకపోతే నా బాధ్యత తప్పినట్టు అవుతుంది."

"మాట్లాడుతున్నానండి అయ్యగారూ. మొక్కడం లేదు."

"తేడా ఏంటంటారు?"

"ప్రతి ఆదివారం మీరు వీళ్ళ పాటలు పాడిస్తారు కదండీ. అంటే ఇన్నేళ్ళుగా పాపాయి మామ్మ నా నోటితో మాట్లాడుతూనే ఉంది. ఒకసారి నేను తిరిగి మాట్లాడితే తప్పుందంటారా? బతికున్నవాళ్ళూ, ముందు వెళ్ళినవాళ్ళూ ఒకే సంఘమని మీరే చెప్తారు. ఒకే సంఘంలో వాళ్ళు పలకరించుకోరా?"

పాస్టరు గారు సమాధి మీద పేరు చదివాడు. తర్వాత, "మీరేదో పాట కట్టారట, నాకూ వినిపించండి" అన్నాడు.

ఆవిడ మెల్లగా పాడింది. తక్కెడ దగ్గరకొచ్చేసరికి ఆయన తలెత్తాడు.

"దేవుడు తూస్తాడంటే మేమంతా తీర్పు గురించే చెప్తామమ్మా. భయపెడతాం. మీరు ఆయన చేతికి చంటిపిల్లల తక్కెడ ఇచ్చారు" అన్నాడు. లేస్తూ, "కోత పండుగకి ఈ పాటే పాడదాం. ఈలోపు మామ్మగారికి నా వందనాలు చెప్పండి" అని నవ్వాడు.

కోత పండుగ నాడు చర్చి నిండా కొత్త ధాన్యం వాసన. వరి కంకుల గుత్తులు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు బలిపీఠం ముందు చేరాయి. తబిత కీబోర్డు దగ్గర, రమేష్ బాబు డోలక్‌తో సిద్ధంగా ఉన్నారు. దేవకుమారి ముందుకొచ్చి నిలబడింది. పల్లవి ఎత్తుకోగానే కోడి ఒకటి గట్టిగా కూసింది. జనం నవ్వారు, ఆవిడా నవ్వేసింది. ఆ నవ్వుతోనే పల్లవి మళ్ళీ ఎత్తుకుంది.

మొదటి చరణం అయ్యేసరికి ఆడవాళ్ళ వైపు కదలిక వచ్చింది. అక్కడ కూర్చున్న సగం మంది పిల్లల్ని ఆ తక్కెడలో తూచినది ఆవిడే. ఒక తల్లి ఒళ్ళో ఉన్న పిల్లాడిని పైకెత్తి చూపించింది. పల్లవి మళ్ళీ వచ్చేసరికి అందరి నోళ్ళూ కలిశాయి. చివరి చరణానికి చప్పట్లు కూడా పడ్డాయి. అవి పడవలసిన చోటే పడ్డాయని తర్వాత రమేష్ బాబు అందరికీ చెప్పుకున్నాడు.

అప్పటి నుంచి దేవకుమారికి పాటలు ఆగలేదు. పాపాయి దగ్గర కొన్నాళ్ళు కూర్చున్నాక, పిచ్చిమొక్కలు పీకి చిట్టియ్య సమాధి కూడా శుభ్రం చేసింది. ఆయన దగ్గర కూర్చుంటే అన్నీ అల్లరి పాటలే వచ్చేవి. మాత్రలు దిండు కింద దాచిన ముసలాయన మీద కట్టినది సండే స్కూలు పిల్లలందరికీ నోటికొచ్చేసింది. ఆ ముసలాయనే పాడించుకుని నవ్వుతున్నాడు, మాత్రలు కూడా వేసుకుంటున్నాడు. రాజరత్నం గారి దగ్గర మాత్రం ఇంకా భయమే. "ఆయన నా ప్రాసలు విని మొహం పక్కకి తిప్పుకుంటున్నారు అయ్యగారూ" అని పాస్టరు గారితో చెప్పింది. అయినా మానకుండా వెళ్తోంది. ఈ మధ్య ఒక వరస దొరికిందట. నిలబడి పాడాల్సినట్టే ఉందట.

మొన్న బీపీ చూడటానికి వెళ్తే కృపారాణి గారు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నా చోటు పాపాయక్క పక్కనే అని మావాళ్ళకి చెప్పేశాను. నువ్వు అక్కడికొచ్చి చెప్పే కబుర్లు నాకూ వినపడాలి" అన్నారు.

"అప్పటిదాకా ఎందుకండీ, ఇప్పుడే చెప్తాను" అంది దేవకుమారి. బీపీ పట్టీ ఆవిడ చేతికి చుడుతూ, తెల్లవారుజామున పుట్టిన కవల పిల్లల కబురు మొదలుపెట్టింది. కృపారాణి గారు కళ్ళు మూసుకుని, మధ్యమధ్యలో "ఊ, తర్వాత?" అంటూ విన్నారు.