బెల్టు వేసేంత వ్యవధి

ఫైర్ స్టేషన్‌లో అతన్ని అందరూ నిచ్చెన అనే పిలిచేవారు. మనిషి పొడుగు. పైగా నిచ్చెన వేయగానే మొదటి మెట్టు మీద కాలు పెట్టేది ఎప్పుడూ అతనే. ఆ స్టేషన్‌లో ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుంది: కాపాడిన మనిషిని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళకూడదు. కిందికి దించి అంబులెన్సుకు అప్పగించాక ఆ మనిషిని మరిచిపోవాలి. లేకపోతే మర్నాడు మళ్ళీ నిచ్చెన ఎక్కలేరు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ మాట అతనే చెప్పేవాడు.

టైలరమ్మ విషయంలో ఆ నియమం అతనే తప్పాడు.

ఆవిడ రెండో అంతస్తులో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. కింద పరుపుల గోదాము అంటుకుంది. నిచ్చెన కిటికీని చేరేసరికి ఆవిడ గట్టు మీద వాలిపోయి దగ్గుతోంది. పద్ధతి ప్రకారం చంకల కిందుగా బెల్టు చుట్టి, బిగించి, అప్పుడు బయటికి తీయాలి. బెల్టు అతని భుజానే ఉంది. అతను ఆవిడ కుడిచెయ్యి దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజాడు. ప్రాణం దక్కింది. కానీ ఆవిడ భుజం కీలు తప్పి, లోపల నరం దెబ్బతింది. వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు.

ఫైరింజను బండి డ్రైవరు ద్వారా ఆ సంగతి తెలిసి ఆసుపత్రికి వెళ్ళాడు. మంచం పక్కన నిలబడి, “బెల్టు వేసుండాల్సిందమ్మా. తప్పు నాదే,” అన్నాడు. ఆవిడ చెల్లెలు అక్కడే కూర్చుని పండు ఒలుస్తోంది. ఆ మాట ఇప్పుడు టైలరమ్మ వేసిన నష్టపరిహారం దావాలో మొదటి పేజీలో ఉంది.

“ఈసారి మంటల్లో ఉన్నవాళ్ళ చేత ముందు సంతకం పెట్టించుకుని, తర్వాత దించండి,” అంది అతని భార్య, వడ్డిస్తూ.

“ఆవిడ కత్తెర పట్టుకోలేకపోతోందే.”

“మీరు పట్టుకోకపోతే అసలు ఆవిడే ఉండేది కాదు.”

“అదీ నిజమే.”

“ఏదో ఒకటి నిజమనండి. రెండూ నిజమంటే నేనెక్కడ చావను?”

శాఖ తరఫు వకీలు కుర్రవాడు, మర్యాదస్తుడు. “ఎక్కువ చెప్పక్కర్లేదు సార్. బెల్టు వేసేంత టైము లేదు, అంతే. ఆసుపత్రిలో అన్నది ఓదార్పుకి అన్నాననండి.”

“టైము ఉందని చెబితే?”

“ఆవిడ గెలుస్తుంది. మీ మీద విచారణ పడుతుంది, బండి ఎక్కనివ్వరు. అది వదిలేయండి. రేపట్నించి మీవాళ్ళు చెయ్యి చాచే ముందు కోర్టు గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణంలో ఎవరు పోతారో మీకు నాకంటే బాగా తెలుసు.”

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కానీ నిచ్చెనకి నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. ఆవిణ్ణి భుజాన వేసుకుని దిగుతూ ఒకసారి తలెత్తి చూశాడు. పొగ కిటికీ పైసగంలోనే ఉంది, ఇంకా కిందికి దిగలేదు. కింది సగంలో కర్టెను ఇంకా తెల్లగా కనబడుతోంది. అది అతను తప్ప ఇంకెవరూ చూడలేదు.

వాయిదా రోజున కోర్టు వరండాలో టైలరమ్మే ఎదురొచ్చింది. కుడిచెయ్యి మెడకు కట్టిన జోలెలో ఉంది.

“మిమ్మల్ని కోర్టుకి లాగానని ఊరంతా తిడుతోంది అన్నయ్యగారూ.”

“ముందు లాగింది నేనేగా.”

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. “మీ మీద నాకు కోపం లేదండీ. కానీ నేనేం చేసుకు బతకను? ఎడంచేత్తో ఒక్క గుండీ కాజా కుట్టేసరికి పొద్దు గుంకుతోంది.”

అతను తల ఊపాడు. ఇద్దరూ ఒకే బెంచీకి చెరో చివరా కూర్చున్నారు.

లోపల జడ్జిగారు కళ్ళజోడు తీసి, “బెల్టు వేసేంత వ్యవధి ఉందా?” అనడిగారు.

“లేదనుకున్నానండి.”

“అనుకున్నది కాదు. ఉందా, లేదా?”

వకీలు అతనికేసే చూస్తున్నాడు.

“ఉందండి. దిగేటప్పుడు చూశాను.”

వకీలు పెన్నుకి మూత పెట్టేశాడు.

“మళ్ళీ అలాంటి కిటికీయే ఎదురైతే ఏం చేస్తారు?” అన్నారు జడ్జిగారు.

“బెల్టు వేస్తానండి.” మళ్ళీ అతనే అన్నాడు: “వేసేలోగా మనిషి పోతే ఆ ఇంటివాళ్ళు కూడా ఇక్కడికే వస్తారు. రానివ్వండి. ఏం జరిగిందో మేం చెప్పుకోవాలి. చెప్పుకోవడం కష్టమేనండి, కానీ చెయ్యి పోయినవాళ్ళని నోరు కూడా మూసుకోమనలేం కదా.”

తీర్పుకి ఇంకా వాయిదా ఉండగానే ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. విచారణ ముగిసేదాకా అతను బండి ఎక్కకూడదు, ఫోన్ల గదిలో కూర్చోవాలి. డ్రైవరు అతని వంక చూడకుండానే ఆ కాగితం చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఇంట్లో భార్య దాన్ని రెండుసార్లు చదివింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

“ఇక పెందలాడే ఇంటికొస్తారన్నమాట,” అంది.

“అన్నమాటే.”

గడప మీద కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఒకటి విప్పాడు. రెండోదాని జోలికి పోకుండా అలాగే కూర్చుండిపోయాడు. ఆవిడ వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండోదాని లేసు ముడి విప్పింది.