కామా దగ్గర ఆగిన మగ్గం

అక్కలారా, వదినలారా, కాస్త దగ్గరికి జరిగి, నడుము నొస్తే గోడకు ఆనుకొని కూర్చోండి. గొంతెత్తి చెప్పుకునే సంగతి కాదిది. మొన్న పొద్దున నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన మనవరాలి ఫోను ఇంగ్లీషు పాఠం చదువుతోంది. అందులోని ఆడగొంతు ఒక వాక్యం సగం చెప్పి, చిన్నగా ఆగి, మిగతాది చెప్పింది. ఆ రవ్వంత సేపట్లో నా చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. చెవి నన్నడగకుండానే ఇంకో చప్పుడు కోసం కాచుకుంది.

నేను మూడో తరగతి దాటలేదు. అయినా ఇంగ్లీషు వాక్యంలో ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. నేర్చుకున్నది బడిలో కాదు, మగ్గం గదిలో.

ఇరవై ఏళ్ల కిందటి మాట. గద్వాలలో మాది ఒకే పెద్ద గది. ఒక మూల గుంట మగ్గం మీద మా ఆయన నేసేవాడు. మిగిలిన జాగాలో చాపలు పరిచి, డిగ్రీ చదివినా ఉద్యోగం దొరకని మా మరిది వాడకట్టు ఆడపిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పేవాడు. వీధికొక ఇంగ్లీషు మీడియం బడి మొలుస్తున్న కాలం కదా, ఆ చాపల మీద ఖాళీ ఉండేది కాదు. మా చెల్లెలు కూడా అక్కడే కూర్చునేది. బిజినేపల్లిలో మా నాయన పోయాక, ఒకరి మోచేతి నీళ్లు తాగను, బడిలో టీచరునై నా తిండి నేను తింటానని నా దగ్గరికి వచ్చేసిన పిల్ల. దానికి ఇంగ్లీషు వచ్చు గానీ ఆగడం రాదు. నోరు తెరిస్తే భయంతో మాటలు ఒకదాని మీద ఒకటి పడేవి.

వెన్ అనో, ఇఫ్ అనో మొదలైన వాక్యంలో ముందు ముక్క అయ్యాక ఒక కామా ఉంటుందట, గింజకు తోక మొలిచినట్టు. అక్కడ ఊపిరి తీసుకోవాలట. ఎంత చెప్పినా పిల్లలు ఆగరు. చెప్పి చెప్పి విసిగిన మా మరిది చూపు ఒకనాడు మగ్గం మీద పడింది. మన గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. పేక పోగును మోసే నాడె అంచుదాకా పోయి ఆగాక, నూలు పోగునూ పట్టు పోగునూ చేత్తో మెలివేస్తేనే గాని పోగును బిగించే దెబ్బ దబ్బున పడదు. అందుకని పిల్లలను రెండు వరుసలు చేశాడు. నాడె పోతుంటే ముందు వరుస సగం వాక్యం చెప్పాలి. మెలిక వేసేటప్పుడు అందరూ గప్‌చుప్. దెబ్బ పడ్డాక వెనక వరుస మిగతాది చెప్పాలి.

"ఏందే మరదలా, ఎడ్లు బెదిరినట్టు గట్ల ఉరుకుతున్నవ్? అన్న దెబ్బ ఏసేదాంక జర ఆగు," అనేవాడు మా మరిది.

"నీ ఇంగిలీసుకు మా పెద్దబావ మగ్గమే దిక్కాయె! అది లేకుంటే నిన్ను అడిగెటోళ్లెవరు చిన్నబావా?" అని చెల్లెలు.

గుంటలోంచి మా ఆయన నవ్వేవాడు. "నాకు ఒక్క ముక్క రాకపాయె. ఈడ అసలు పంతులు నేనైతి."

వానకాలం, మధ్యాహ్నం. నేను పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తున్నాను. చెల్లెలున్న ముందు వరుస "వెన్ ఫాదర్ కమ్స్ హోమ్" అంది. నాయన ఇంటికొచ్చినప్పుడు అని. నాడె ఆగింది. అందరూ ఆగారు. దెబ్బ పడలేదు.

వెనక వరుస పిల్లలు చెప్పబోయే మాటను నాలుక మీద పెట్టుకొని అట్లాగే కూర్చున్నారు. పోగు తెగి ఉంటుంది, అతుకుతుంటాడు అనుకున్నారు. మగ్గం ఇళ్లల్లో అది రోజూ ఉండేదే. నేనూ అదే అనుకొని రొట్టె తిప్పాను. మగ్గం ఆగితే కదలకూడదని నేర్చిన పిల్లలు, ఒక్కరూ తల తిప్పలేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపో నాకిప్పటికీ తెలియదు. నేను వచ్చి చూసేసరికి మా ఆయన పడుగు మీద బోర్లా ఒరిగి ఉన్నాడు, వేళ్ల మధ్య మెలిక సగంలో ఉంది. గుండె అన్నారు దవాఖానాలో. ఆ క్షణమే పోయాడు, ముందే చూసినా ఏమీ చేయగలిగేది లేదన్నారు.

ట్యూషన్ ఆగింది. మరిది నాగర్‌కర్నూల్‌లో బట్టల దుకాణానికి పనికి పోయాడు. ఇల్లు గడవాలంటే ఇక చెల్లెలి ఉద్యోగమే. కానీ దానికి కామా దాటడం రాకుండా పోయింది. సగం వాక్యం చెప్పి, మెడ మగ్గం వైపు తిప్పి, అట్లాగే ఉండిపోయేది. అంతలో వనపర్తిలో ఒక బడివాళ్లు పాఠం చెప్పి చూపించమన్నారు.

"నాతోని కాదక్కా. ఆడ ఆగితె మల్ల నోరు లేవదు," అంది.

"ఆగితె ఆగు. ఉరికి మాత్రం రాకు," అన్నాను.

బస్సు బీచుపల్లి వంతెన దాటుతుంటే కింద కృష్ణ ఎర్రగా నిండుగా పారుతోంది. చెల్లెలి పెదవులు కదులుతూ ఆగుతూ ఉన్నాయి.

నేను బడి వరండాలో కిటికీ కింద కూర్చున్నాను. లోపల సుద్దముక్క చప్పుడు. ఎన్ని వాక్యాలు లేవు లోకంలో, అదే ఎందుకు రాసిందో! "వెన్ ఫాదర్ కమ్స్ హోమ్" అని చదివి ఆగింది. మీరు నమ్మండి నమ్మకపోండి, నా మెడ కూడా పక్కకు తిరిగింది. పంకా తిరుగుతోంది. పెద్ద టీచరమ్మ కుర్చీ కిర్రుమంది. అంతే, అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు లోపలి పిల్లలు, మా సంగతేమీ తెలియని పిల్లలు, బోర్డు మీద రాసి ఉన్న మిగతా సగం చూసి ఒక్కసారిగా అరిచారు. "వుయ్ ఈట్ టుగెదర్!" అందరం కలిసి తింటాం అని.

మా చెల్లెలు మళ్లీ మొదటి సగం చెప్పింది. మళ్లీ ఆగింది. మళ్లీ పిల్లలు ముగించారు.

టీచరమ్మ బయటికొచ్చి, "మీ చెల్లె పిల్లలతోనె చెప్పిస్తదమ్మా, శానా మంచిగుంది. సోమారం నుంచి రమ్మను," అంది. అది పద్ధతి అనుకుంది ఆమె. మేము కాదనలేదు.

చెల్లెలు చాలా ఏళ్లు అక్కడే చెప్పింది. మగ్గం గుంట పూడ్చి గచ్చు పోయించాం. దాని మీద ఇప్పుడు బీరువా ఉంది. మా వీధిలో ఒకప్పుడు ఇల్లిల్లూ దబ్బు దబ్బుమనేది, ఇప్పుడు ఎవరింటి ముందు నడిచినా టీవీ మాటలే. మనుషులు మాట మధ్యలో ఆగడం లేదు; ఆగితే ఫోను చూసుకుంటున్నారు. నాకు మాత్రం ఇల్లు సద్దుమణిగినప్పుడల్లా ఆ గదిలో ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టే ఉంటుంది. భయమేమీ లేదు. వాళ్లతో పాటు నేనూ కాసేపు కూర్చుంటాను.

లేవండిక తల్లీ, పొద్దుపోయింది. మీ ఇల్లు చల్లగుండాలి. దీపాలు పెట్టే వేళకు మీవాళ్లంతా గడప లోపల ఉండాలి.