పార్కు గోడలో పచ్చగాజులు

తడి తెల్లసిమెంటు వాసన తగిలితే ఇప్పటికీ నా చెయ్యి పర్సు మీదికి పోతుంది. మొన్న పొద్దున బీచి పక్క పార్కులో నడుస్తుంటే అదే వాసన వచ్చింది. పాత గోడ పడగొట్టి కొత్తది కట్టారు. అట్టపెట్టెల్లోంచి పలకలు తీసి దాని మీద వరసగా అతికిస్తున్నారు. ప్రతి పలక మీదా అచ్చువేసిన డాల్ఫిన్ ఒకే నవ్వు నవ్వుతోంది. పాత గోడ మీద పెంకుముక్కల బొమ్మ ఉండాలే, అదేమైందని మేస్త్రిని అడిగాను. "నాకేటి తెల్దమ్మా, లారీకెత్తేసినారు" అన్నాడు, తలెత్తకుండా. ఆ బొమ్మ మా నాన్న చేతిపని.

మాది గోదావరి జిల్లా. విశాఖపట్నానికి ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందని, క్వార్టర్లు వందలుగా కడతారని, మొజాయిక్ నేలలు వేసేవాళ్ళకి చేతినిండా పనేనని ఎవరో చెబితే, డెబ్బైల చివర్లో నాన్న మమ్మల్ని రైలెక్కించుకుని వచ్చేశాడు. ఫ్యాక్టరీ మాత్రం తాపీగా వచ్చింది. ఈలోపు సముద్రానికి దగ్గర్లో, వరస ఇళ్ళలో ఒక గది అద్దెకి తీసుకుని దొరికిన పనల్లా చేశాడు. పోర్టులో ఇనుపరాయి దించిన రోజున గాలి ఇటు తిరిగితే, ఆరేసిన బట్టల మీద, అమ్మ ఎండబెట్టిన వడియాల మీద, చివరికి మా కనురెప్పల మీద కూడా ఎర్రధూళి పేరుకునేది. అమ్మ గోదావరి నీళ్ళను తలుచుకుంటూ బట్టలు రెండోసారి ఉతికేది. నాకు ఆ ఊరు నచ్చిందని ఎవరైనా అంటే అబద్ధం.

అలాంటి రోజుల్లో ఒక కాంట్రాక్టరు నాన్నని పిలిచి, పార్కు గోడ మీద రంగు పెంకులతో సముద్రం బొమ్మ వెయ్యమన్నాడు. నేలలు వేసి వేసి నడుం వంగిపోయిన మనిషికి, నిలబడి చేసే పని దొరికింది. విరిగిన బాత్‌రూమ్ పలకలు, మూతి పగిలిన కప్పులు, జాడీ పెంకులు బస్తాలకొద్దీ తెచ్చి రంగుల వారీగా కుప్పలు పోసేవాడు. పటకారుతో ఒక్కో ముక్క కొరికించి, ఆ పూట పూర్తిచెయ్యగలిగినంత మేరకే తెల్లసిమెంటు పూసి, అది బిగుసుకునే లోపు ముక్కలు అద్దేవాడు. చేపలు వచ్చాయి, తెప్ప వచ్చింది. కెరటాలు మాత్రం రాలేదు. పింగాణీని ఎంత కొరికించినా మూలలే వస్తాయి గాని వంపు రాదు. "గాజుముక్కలు దొరికితే తీసుకురావే, కెరటం అంచుకి వంపు కావాలి" అన్నాడు నాతో.

అడగాలా? మా వీధి ఆడపిల్లలందరి ఆస్తీ అవే. మట్టిలో గీసిన గుండ్రంలో గాజుముక్కలు గుప్పెడు విసిరి, పక్కదాన్ని కదపకుండా ఒక్కోటీ వేలితో లాగి గెలుచుకునేవాళ్ళం. నా జామెట్రీ పెట్టెలో వృత్తలేఖిని ఎప్పుడో పోయింది గాని, గాజుముక్కలు రంగురంగులవి ఉండేవి. అవన్నీ ఇచ్చేశాను. అయినా కెరటం సగంలో ఆగింది.

పోలమ్మ మా వీధికి గంపలో చేపలు తెచ్చేది. అమ్మ బేరమాడితే నవ్వి, నా దోసిట్లో ఊరికే నాలుగు రొయ్యలు వేసేది. ఆమె చేతులకి పచ్చగాజులు, వాటి మీద పసుపు చుక్కలు. భీమిలిలో మొగుడు ఎర్రయ్య కొనితెచ్చాడని, అడగకపోయినా చెప్పేది. ఆ ఏడు తుఫాను గాలికి చిక్కిన తెప్పల్లో ఎర్రయ్యది తిరిగి రాలేదు. శవమూ రాలేదు. వాళ్ళ పెద్దలు కొన్ని వారాలు చూశారు. పోలమ్మ ఇంకా చూద్దామంది. ఆమె మాట ఎవరూ వినలేదు.

ఒక ఉదయం ఒడ్డున జనం చేరారు. తెప్ప చాటునుంచి నేను చూశాను. ఇద్దరు ముసలమ్మలు ఆమె చేతులు పట్టుకుని రాతికేసి గాజులు కొట్టారు. ఆమె ఏడవలేదు, చేతులు వెనక్కి లాక్కోవడానికి పెనుగులాడింది. అందరూ వెళ్ళిపోయాక నేను వెళ్ళి, ఇసకలో ఒక్క ముక్క వదలకుండా ఏరి పావడాలో పోసుకున్నాను. ఎవరివో తెలుసు. తెలిసే ఏరాను. పచ్చరంగు, అంత చక్కటి వంపు, నాన్నకి కావలసింది అదే కదా అనుకున్నాను. చుక్క చెదరని ముక్క ఒకటి మాత్రం నా పెట్టెలో దాచుకున్నాను. నాన్న అడిగితే ఇసకలో దొరికాయన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి కెరటం పూర్తయింది. సముద్రం నిజంగానే లేచి విరుగుతున్నట్టు ఉంది. నాన్న దూరంగా నిలబడి చూసుకుంటూ, ఊరు వదిలాక మొదటిసారి ఈల వేశాడు. అప్పుడే పోలమ్మ ఆ దారిన పోతూ ఆగింది. గోడ దగ్గరికి వచ్చి, కెరటం మీద వేలు పెట్టి, బొడ్లోంచి పొలుసు గీకే కత్తి తీసి ముక్కలు పెకలించడం మొదలుపెట్టింది.

కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "ఏటే, గోడ పాడు సేత్తన్నావేటి?"

"ఇయ్యి నాయి. ఆడు సచ్చిపోనాడని ఈల్లు ఇరగ్గొట్టినారు. ఆడొత్తే నాను ఏటి సూపించాల?"

నాన్న ఒకసారి నా మొహం చూశాడు. ఆ ముక్కలు ఎక్కడివో అర్థమైపోయింది. "తియ్యనివ్వండి. అవి ఆవిడవే" అని కాపలావాడికి అడ్డం నిలబడి, కత్తికి లొంగని ముక్కల్ని తనే ఉలి పెట్టి ఒక్కోటీ ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వేళ్ళు తెగి, సిమెంటు మీద నెత్తురు మరకలయ్యాయి.

తర్వాత ఆమె కొంగు నేల మీద పరుచుకుని, ముక్కకి ముక్క ఆనించి గాజులు పేర్చింది. అయిదు గుండ్రాలు అయ్యాయి. ఆరోదానికి వేలెడు ఖాళీ. నాన్న బస్తాలన్నీ దులిపించింది, పెంకుల కుప్పలు వెతికింది. చివరికి నా వైపు తిరిగింది.

"నీకాడ ఉందేటి గుంటా?"

జామెట్రీ పెట్టె నా బడిసంచీలోనే ఉంది. తీసి ఇస్తే, ఎవరివో తెలిసి దాచానని నాన్నకి కూడా తెలిసిపోతుంది. తల అడ్డంగా ఊపాను.

నాన్న నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. గోడలో గాజులు ఊడిన గుంటల్లో వేరే ముక్కలు పెట్టమని కాంట్రాక్టరు ఎంత చెప్పినా పెట్టలేదు. ఆ తర్వాత నాన్నకి మళ్ళీ నేలలే మిగిలాయి, బొమ్మ పని ఎవరూ ఇవ్వలేదు. పోలమ్మ కొంతకాలం గంప లేకుండా ఒడ్డున కూర్చుని కనిపించేది, ఒళ్ళో గుడ్డమూట పెట్టుకుని. అమ్మ అన్నం పట్టుకెళితే తినేది, నన్ను చూస్తే రొయ్యలు లేవని చెప్పేది. ఒక వానాకాలం తర్వాత కనిపించలేదు. ఎటు పోయిందో నేను అడగలేదు, అడగడానికి నాకు మొహం లేదు.

ఇప్పుడు నాన్న లేడు. ఆ ఒడ్డున తెప్పలు లేవు. ఇన్నేళ్ళూ పార్కుకి వచ్చినప్పుడల్లా వేలు పెట్టి తడుముకునే ఆ గుంటలు కూడా మొన్నటితో పోయాయి.

పచ్చముక్క మాత్రం నా పర్సులో ఉంది. చుక్క ఇంకా చెదరలేదు. తడి గోడ ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. "ఉంది పోలమ్మా, నా దగ్గరే ఉంది" అన్నాను, పైకే.

మేస్త్రి తల తిప్పాడు. "ఏటమ్మా? ఏటుంది?"

గుప్పిట మూసేసి, ఏమీ లేదన్నాను.