చాట్రాయిలో చెల్లని గోలు

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో చాట్రాయి నుంచి మా మామగారు రాఘవయ్యగారి కార్డు వచ్చింది. "రసాలు దిగుతున్నాయి. అమ్మాయిని తీసుకుని రండి. బూట్లు కూడా తెచ్చుకోండి. ఆదివారం రెడ్డిగూడెం వాళ్ళతో ఫుట్‌బాల్ పందెం" అని రాశారు. కాలేజీ జట్టులో ఆడానని పెళ్ళిచూపులనాడు నేను చెప్పుకున్న మాట ఆయన మరిచిపోలేదన్నమాట.

శనివారం ఉదయం ఆరున్నరకు నేనూ మా ఆవిడ కమలా బెజవాడలో పాసింజరు ఎక్కాం. నూజివీడు స్టేషనులో దిగినవాళ్ళు ఊళ్ళోకి బస్సు పట్టుకోవాలి. మాకు దొరికింది బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్ళం దిగి తోశాం. నా పక్కన తోస్తున్న పెద్దాయన "ఏ ఊరు వెళ్తున్నారండీ?" అని అడిగాడు. ఊరూ, మామగారి పేరూ చెప్పాను. "రాఘవయ్యగారి అల్లుడా! అయితే ఆ ఫుట్‌బాలాయన మీరేనా?" అన్నాడు. నేను తల వంచుకుని బస్సుని ఇంకా గట్టిగా తోశాను.

నూజివీడులో ఇడ్లీ తిని, పదిన్నరకు మామగారు పంపిన ఎడ్లబండి ఎక్కాం. దారికి రెండు పక్కలా మామిడి తోటలే. కొమ్మలు బండికి తగులుతుంటే కమల చేయి చాపి కాయలను ఊరికే తడిమి వదిలేసేది.

మామగారు తోటలు గుత్తకు పట్టి కాయ కోయించేవారు. చాట్రాయి జట్టంతా ఆయన దగ్గర కోతకు వచ్చేవాళ్ళే. బూట్లు నాకొక్కడికే ఉన్నాయి. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు తోట పక్క బీడులో ఆట మొదలైంది. రెఫరీ మిషన్ బడి ఉపాధ్యాయుడు దేవసహాయం మాస్టారు. ఆయనది రెడ్డిగూడెం.

ఇంక అయిదు నిమిషాలుందనగా చెరొక గోలు. అప్పుడు వాళ్ళ గోల్‌కీపరు బంతి చేత్తో పట్టుకుని నాలుగడుగులు దాటి నడిచాడు; అప్పట్లో అది తప్పు. మాస్టారు ఈల వేసి మాకు ఇండైరెక్ట్ ఫ్రీకిక్ ఇచ్చారు. అంటే తన్నిన బంతి నేరుగా గోలులోకి వెళితే చెల్లదు. మధ్యలో ఇంకెవరినైనా తాకాలి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మా కెప్టెన్ కోటయ్య నా పక్కనే నిలబడి "నాకు తోయండి బాబూ, మెల్లగా తోయండి" అంటూనే ఉన్నాడు.

గట్టు మీద ఆడవాళ్ళ మధ్య, మా అత్తగారి పక్కన, కమల లేచి నిలబడింది. మామగారు కండువా తిప్పుతున్నారు. పది గజాల అవతల వరుసకట్టిన రెడ్డిగూడెం వాళ్ళకూ, గోలు గుంజకూ మధ్య సందు కనిపించింది. అంతే, తన్నేశాను. బంతి ఎవరినీ తాకకుండా సరుగుడు గుంజల మధ్య నుంచి దూసుకుపోయింది.

ఊరు ఊరంతా బీడులోకి దిగింది. మాస్టారు చేయి అడ్డంగా ఊపి "గోలు లేదు. గోల్‌కిక్" అన్నారు.

"కళ్ళు కనపడట్లేదా మాస్టారూ? మీ ఊరని ఇట్టా చేస్తారా?" అని మామగారు అరిచారు. జనం మాస్టారిని చుట్టుముట్టారు. ఎవరో ఆయన మెడలో ఈల లాగేశారు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "నన్నెందుకు, మీ అల్లుడుగారినే అడగండి. ఆయనకి తెలుసు" అన్నారు.

అందరూ నావైపు తిరిగారు. "చెప్పండి అల్లుడుగారూ, గోలేగా?" అన్నారు మామగారు. అవునంటే ఆ సాయంత్రం నన్ను భుజాలమీద ఊరేగించేవారు. మాస్టారి సంగతి ఏమయ్యేదో.

"కాదండీ. కోటయ్యకి ఇవ్వాల్సిన బంతి. గొప్పకి పోయి నేనే తన్నాను. తప్పు నాది."

మామగారు ఈల వెతికించి మాస్టారి చేతిలో పెట్టి గట్టు మీదికి వెళ్ళిపోయారు. మిగిలిన కాస్తసేపట్లో రెడ్డిగూడెం వాళ్ళు ఇంకో గోలు కొట్టారు. ఆ పూట భోజనాల దగ్గర కూడా ఆయన నావైపు చూడలేదు.

సోమవారం ఏడింటికి తోటలోకి రమ్మని కబురొచ్చింది. కోటయ్యా వాళ్ళూ బుట్టల్లో గడ్డి పరుస్తున్నారు. మామగారు నేలమీద నాలుగు కాయలు పెట్టి, "ఏదీ, ఆ రూలేంటో చెప్పండి" అన్నారు. కాయలు జరుపుతూ చెప్పాను.

"అయితే ఆ గోల్‌కీపరు వేలికి తగిలినా చాలేనా?"

"చాలండీ."

"తగల్లేదా మరి?"

"లేదండీ, చూశాను."

ఆయన ఆ నాలుగు కాయలూ తీసి బుట్టలో వేసి, "కోటయ్యా, మంచి రసాలు ఏరి మాస్టారింటికి ఓ బుట్ట నువ్వే పట్టుకెళ్ళు. నేనూ వస్తాను" అన్నారు.

బండిలో నూజివీడు చేరి, సాయంత్రం ఆగిరిపల్లి మీదుగా బెజవాడ బస్సు ఎక్కాం. ఆ వైపు మనుషులకి కోపం ఇట్టే వస్తుంది. తెల్లారాక కూర్చోబెట్టి నిజం అడగడం కూడా వాళ్ళకి తెలుసు. తీపి పళ్ళ కన్నా ఆ అడగడమే నాకు ఎక్కువ నచ్చింది.

ఆగిరిపల్లి దాటాక కమల అంది: "తప్పు నాదని మీరన్నప్పుడు మా అమ్మ నవ్వి నా చెయ్యి గట్టిగా పట్టుకుందండీ. ఇంటికెళ్ళేదాకా వదల్లేదు."